మనిషి చెయ్యి పడకుండా కొత్త వీఎంలో ప్యాకేజ్ మేనేజర్: ఏ దారి ఎవరికి కుదురుతుంది

ఆదివారం రాత్రి పదిన్నరకి ఫోన్ మోగింది. మా టీంలో చేరి ఆరు నెలలైన అనంతపురం కుర్రాడు. "అన్నా, ముప్పై మెషీన్లూ లేచాయి. కానీ ఒక్కదాంట్లో కూడా ఏమీ ఇన్‌స్టాల్ కాలేదు" అన్నాడు. మెషీన్లంటే వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు: పెద్ద సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు. తెల్లారితే సోమవారం. తొమ్మిదికల్లా మారతహళ్లి పీజీల నుంచి ముప్పై మంది కొత్త ట్రైనీలు వచ్చి కూర్చుంటారు. లాగిన్ అవ్వగానే వాళ్లకి గిట్, పైథాన్, ఎడిటర్ కనబడాలి.

"కన్సోల్ తెరిచి ఒక ఫొటో తీసి పంపు" అన్నాను. ఫొటో వచ్చింది. పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు నడిపే టూల్) నీలం తెర మీద ఒక ప్రశ్న: నూగెట్ ప్రొవైడర్ కావాలి, ఇప్పుడు ఇన్‌స్టాల్ చేయమంటారా? పక్కన వై, ఎన్, ఎస్ అని మూడు అక్షరాలు, వాటి తర్వాత కర్సర్. శుక్రవారం సాయంత్రం నుంచి ముప్పై మెషీన్లూ ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఉన్నాయి.

తప్పు మా స్క్రిప్ట్‌దే. పాత విండోస్ పవర్‌షెల్ 5.1లో మొదటిసారి మాడ్యూల్ (అదనపు కమాండ్ల మూట) ఇన్‌స్టాల్ చేస్తే ఆ ప్రశ్న వస్తుందని తెలిసి కూడా, ముందుగా ఆ ప్రొవైడర్‌ని, అంటే మాడ్యూళ్లని దింపే భాగాన్ని, ఫోర్స్ స్విచ్‌తో పెట్టించే లైన్ రాయలేదు. ఆ ఒక్క లైన్ ఉంటే సరిపోయేది. ఆ రాత్రి ఇద్దరం చెరో పదిహేను మెషీన్లలోకి వెళ్లి వై నొక్కుతూ కూర్చున్నాం. అన్నీ పూర్తయ్యేసరికి రెండు దాటింది.

ఆ తర్వాత ఈ పనిని ఎన్ని రకాలుగా చేయొచ్చో దాదాపు అన్నీ చేసి చూశాను. "ఏ ప్యాకేజ్ మేనేజర్ మంచిది?" అని అందరూ అడుగుతారు (ఒక్క కమాండ్‌తో సాఫ్ట్‌వేర్ తెచ్చి ఇన్‌స్టాల్ చేసే టూల్ అది). "అది ఏ సమయంలో, ఎవరి అకౌంట్ కింద నడవబోతోంది?" అని అడిగేవాళ్లు తక్కువ. రెండో ప్రశ్నకి జవాబు తేలితే మొదటిది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. అందుకే ఈ పోలికని అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

ఎవరి అకౌంట్ కింద నడుస్తుంది

మనం లాగిన్ అయి కొట్టినప్పుడు చక్కగా పనిచేసిన కమాండ్, మెషీన్ తనంతట తాను నడిపితే ఫెయిల్ అవుతుంది. కారణం చాలాసార్లు అకౌంటే. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో కస్టమ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెన్షన్‌తో పంపిన పవర్‌షెల్ స్క్రిప్ట్ సిస్టమ్ అకౌంట్ (విండోస్ తన సొంత పనులకి వాడే అకౌంట్) కింద నడుస్తుంది. విండోస్ సెటప్ చివర్లో నడిచే సెటప్‌కంప్లీట్ స్క్రిప్ట్ కూడా అంతే. లైనక్స్‌లో క్లౌడ్-ఇనిట్ (మెషీన్ మొదటిసారి లేచినప్పుడు సెటప్ చేసే టూల్) రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న అకౌంట్ కింద నడుస్తుంది. అక్కడ డెస్క్‌టాప్ ఉండదు, మన యూజర్ ప్రొఫైల్ ఉండదు, మన పాత్ (కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా) కూడా ఉండదు.

ఈ ఒక్క కారణంతోనే సగం పేర్లు రాలిపోతాయి.

విండోస్‌కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ప్యాకేజ్ మేనేజర్ విన్‌గెట్ సంగతి చూడండి. ఇది యాప్ ఇన్‌స్టాలర్ అనే స్టోర్ యాప్‌లో భాగం. స్టోర్ యాప్ ఒక్కో యూజర్‌కి విడివిడిగా రిజిస్టర్ అవుతుంది, అదీ ఆ యూజర్ మొదటిసారి లాగిన్ అయిన కాసేపటికి. అంటే కొత్త మెషీన్‌లో ఎవరూ లాగిన్ కాకముందే విన్‌గెట్ అని పిలిస్తే అలాంటి కమాండ్ లేదనే జవాబు వస్తుంది. సిస్టమ్ అకౌంట్ నుంచి పిలిచినా అదే. మైక్రోసాఫ్ట్ ఇచ్చే విన్‌గెట్ పవర్‌షెల్ మాడ్యూల్‌లో దీన్ని సరిచేసే రిపేర్ కమాండ్ ఒకటి ఉంది. కానీ ఆ మాడ్యూల్ పెట్టబోతేనే నూగెట్ ప్రశ్న అడ్డొస్తుంది. మేం ఆ ఆదివారం చిక్కుకున్నది ఇక్కడే.

స్కూప్ అనే ఇంకో విండోస్ ప్యాకేజ్ మేనేజర్‌ని అయితే కావాలనే యూజర్ స్థాయిలో పనిచేసేలా తయారుచేశారు. అడ్మిన్ హక్కులు అక్కర్లేదు, అన్నీ యూజర్ ఫోల్డర్‌లోనే పడతాయి. సొంత లాప్‌టాప్‌లో ఇది ఎంతో హాయి. అదే స్కూప్‌ని సిస్టమ్ అకౌంట్ కింద నడిపితే సిస్టమ్ ప్రొఫైల్ ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, తర్వాత లాగిన్ అయిన మనిషికి కనబడదు. దాని ఇన్‌స్టాలర్‌ని అడ్మిన్‌గా నడిపితే మామూలుగా ఒప్పుకోదు, ప్రత్యేకంగా స్విచ్ ఇవ్వాలి.

మ్యాక్, లైనక్స్‌లలో నడిచే ప్యాకేజ్ మేనేజర్ హోంబ్రూ రూట్‌గా నడపనివ్వదు, కంటైనర్ల లోపల మాత్రం మినహాయింపు ఇస్తుంది. క్లౌడ్-ఇనిట్ ఏమో రూట్. కాబట్టి ముందు ఒక మామూలు యూజర్‌ని తయారుచేసి, పాస్‌వర్డ్ అడగని సుడో (రూట్ హక్కులతో కమాండ్ నడిపే వీలు) ఇచ్చి, ఆ యూజర్ పేరు మీద నడపాలి. నాన్‌ఇంటరాక్టివ్ అనే వేరియబుల్‌కి 1 పెడితే ఎంటర్ నొక్కమని అడగడం మానేస్తుంది. పాస్‌వర్డ్ అడగని సుడో లేకపోతే మాత్రం అది కూడా చాలదు.

చాక్లెటీ అనే విండోస్ ప్యాకేజ్ మేనేజర్ మెషీన్ మొత్తానికి ఇన్‌స్టాల్ అవుతుంది. సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా కింద చాక్లెటీ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. సిస్టమ్ అకౌంట్ నుంచి పిలిచినా, అడ్మిన్ పిలిచినా అదే ఫోల్డర్. ఎవరూ లాగిన్ కాని విండోస్ సర్వర్ మీద నేను మొదట చూసేది దీన్నే.

మేనేజర్ల మధ్య పోలిక, విండోస్ మీద ఎక్కువ, లైనక్స్ మీద తక్కువ

లైనక్స్‌లో ప్యాకేజ్ మేనేజర్, ఆప్ట్ (apt) అయినా డీఎన్‌ఎఫ్ అయినా, మెషీన్‌తో పాటే వస్తుంది. అక్కడ ఇన్‌స్టాల్ చేయాల్సిందేమీ లేదు, నోరు మూయించాల్సిందే ఉంది. డెబియన్, ఉబుంటుల్లో డెబియన్ ఫ్రంటెండ్ అనే వేరియబుల్‌కి నాన్‌ఇంటరాక్టివ్ అని పెట్టాలి, లేకపోతే టైమ్‌జోన్ ప్యాకేజ్ మీరు ఏ ఖండంలో ఉన్నారని అడుగుతూ కూర్చుంటుంది. ఉబుంటు 22.04 నుంచి నీడ్‌రీస్టార్ట్ కూడా ముందుకొచ్చింది. ఏ సర్వీసులు రీస్టార్ట్ చేయమంటారని అది అడగకుండా దాని మోడ్‌ని ఆటోమేటిక్‌లో పెట్టాలి. ఇంకొకటి: మెషీన్ లేవగానే రోజువారీ అప్‌డేట్ సర్వీస్ ఆప్ట్ లాక్ (ఒకసారికి ఒకే ఇన్‌స్టాల్ నడిచేలా చూసే తాళం) పట్టుకుని ఉండొచ్చు. అప్పుడు మన స్క్రిప్ట్ లాక్ దొరక్క చనిపోతుంది. లాక్ ఫైల్‌ని డిలీట్ చేసే సలహాలు చాలా చోట్ల కనిపిస్తాయి, దయచేసి అది చేయకండి, సగంలో ఉన్న ఇన్‌స్టాల్ పాడవుతుంది. ఆప్ట్‌కే లాక్ టైమౌట్ అనే ఆప్షన్ ఉంది. ఐదు నిమిషాలు ఆగమని చెబితే ఆగుతుంది. లైనక్స్ సంగతి దాదాపు ఇంతే.

విండోస్ మీద అసలు పోటీ చాక్లెటీకి, విన్‌గెట్‌కి మధ్యే. చాక్లెటీ 2011 నుంచి ఉంది. విన్‌గెట్‌ని మైక్రోసాఫ్ట్ 2020 మే నెలలో ప్రకటించి, 2021 మేలో 1.0గా ఇచ్చింది. విండోస్ 11 డెస్క్‌టాప్‌లకి, మనిషి రోజూ లాగిన్ అయ్యే మెషీన్లకి విన్‌గెట్ బాగుంటుంది. ముందే ఉంటుంది, విడిగా తెచ్చుకునే పనిలేదు. దాన్ని నోరెత్తకుండా నడపాలంటే రెండు ఒప్పందాల స్విచ్‌లూ ఇవ్వాలి, ప్యాకేజ్ ఒప్పందానికి ఒకటి, సోర్స్ ఒప్పందానికి ఇంకొకటి. చాలామంది మొదటిది ఇచ్చి రెండోది మరిచిపోతారు. సర్వర్ 2025 డెస్క్‌టాప్ ఎక్స్‌పీరియన్స్‌లో విన్‌గెట్ ముందే వస్తుంది. అంతకు ముందు సర్వర్లలో మాత్రం దాన్ని తెచ్చి నిలబెట్టడానికి పడే కష్టం, దానివల్ల వచ్చే లాభం కంటే ఎక్కువ. సర్వర్ 2019, 2022 ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లవద్దనే నా సలహా.

చాక్లెటీకి కూడా ఒక మెలిక ఉంది, తెలియకపోతే ఒక పూట పోతుంది. 2.0 వెర్షన్ నుంచి దానికి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ (కొన్ని విండోస్ ప్రోగ్రాంలు నడవడానికి కావలసిన భాగం) 4.8 కావాలి. సర్వర్ 2022లో అది ముందే ఉంటుంది. సర్వర్ 2019లో ఉండేది 4.7.2, సర్వర్ 2016లో 4.6.2. అప్‌డేట్ కాని పాత మెషీన్ మీద చాక్లెటీ పెట్టబోతే, ముందు డాట్‌నెట్ దిగుతుంది, ఆ తర్వాత రీస్టార్ట్ కావాలి, ఆ తర్వాతే చాక్లెటీ నడుస్తుంది. బూట్ సమయంలో ఒక్కసారే నడిచే స్క్రిప్ట్ ఆ రీస్టార్ట్‌తో మధ్యలో తెగిపోతుంది. లాగ్‌లో ఎర్రగా ఏమీ కనబడదు, ప్యాకేజీలు మాత్రం ఉండవు. మెషీన్ సర్వర్ 2016 లేదా 2019 అయితే డాట్‌నెట్ 4.8ని ఇమేజ్‌లోనే, అంటే మెషీన్లని లేపే మూస కాపీలోనే పెట్టేసుకోండి. తర్వాత పడే బాధలో సగం అక్కడే తీరిపోతుంది.

పాత సర్వర్ల మీద ఇంకో చిన్న అడ్డంకి టీఎల్‌ఎస్, అంటే నెట్ కనెక్షన్‌ని భద్రంగా ఉంచే ప్రోటోకాల్. సెక్యూరిటీ ప్రోటోకాల్‌కి 3072 అనే అంకె కలిపే లైన్ ఇన్‌స్టాల్ కమాండ్‌లో చూసే ఉంటారు. అది టీఎల్‌ఎస్ 1.2ని ఆన్ చేసే లైన్. అనవసరంగా కనిపిస్తోందని తీసేయకండి.

ఆ తర్వాత వచ్చేవి చిన్నవే, కానీ రోజూ ఎదురయ్యేవి. ప్రతి ఇన్‌స్టాల్‌కీ వై స్విచ్ ఇవ్వండి, లేదా గ్లోబల్ కన్‌ఫర్మేషన్ ఫీచర్‌ని ఒకసారి ఆన్ చేసేయండి. గిట్ ఇన్‌స్టాల్ చేసి తర్వాతి లైన్‌లోనే గిట్‌ని పిలిస్తే దొరకదు, ఎందుకంటే నడుస్తున్న ప్రాసెస్ దగ్గర ఇన్‌స్టాల్‌కి ముందున్న పాత్ జాబితానే ఉంటుంది. మధ్యలో ఆ జాబితాని తాజా చేసే రిఫ్రెష్‌ఎన్వ్ పిలవాలి, లేదా గిట్‌ని పూర్తి పాత్‌తో పిలవాలి. ఎగ్జిట్ కోడ్ 3010 వస్తే అది ఫెయిల్యూర్ కాదు, ఇన్‌స్టాల్ అయింది, రీస్టార్ట్ కావాలని అర్థం. సున్నా కానిదల్లా ఎర్రర్ అనుకునే స్క్రిప్ట్‌లు 3010 దగ్గర అనవసరంగా ఆగిపోతాయి. 1641 అంటే రీస్టార్ట్ మొదలైపోయిందని.

ఏ సమయంలో పెట్టాలి: మూడు దారులు

మొదటి దారి బూట్ స్క్రిప్ట్. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో యూజర్ డేటా, అజూర్‌లో కస్టమ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెన్షన్, గూగుల్ క్లౌడ్‌లో స్టార్టప్ స్క్రిప్ట్. ఒక్క ఫైల్ రాస్తే చాలు, వేరే టూల్ నేర్చుకోవక్కర్లేదు. ఐదారు మెషీన్లు ఉన్నవాళ్లు, ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది. దీనికి పరిమితులు ఉన్నాయి. ఏడబ్ల్యూఎస్ యూజర్ డేటా 16 కేబీ దాటకూడదు. అది మామూలుగా మొదటి బూట్‌లో ఒక్కసారే నడుస్తుంది. పర్సిస్ట్ అని చెబితేనే ప్రతి బూట్‌లోనూ నడుస్తుంది. అజూర్ ఎక్స్‌టెన్షన్‌కి 90 నిమిషాల గడువు ఉంది, స్క్రిప్ట్ లోపల రీస్టార్ట్ పెట్టకూడదు. అజూర్‌లో కస్టమ్ డేటా అనే ఇంకో పెట్టె ఉంటుంది. విండోస్ మెషీన్లలో అది ఫైల్‌గా వచ్చి పడుతుంది తప్ప నడవదు. రెండింటినీ ఒకటే అనుకుని రోజంతా వెతికిన వాళ్లని చూశాను.

బూట్ స్క్రిప్ట్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. మెషీన్ లేచిన ప్రతిసారీ బయటి ప్రపంచం మొత్తం ఆరోగ్యంగా ఉండాలి. రిపో (ప్యాకేజీలు దాచి ఉంచే సర్వర్) ఉండాలి, సాఫ్ట్‌వేర్ తయారుచేసిన వెండర్ డౌన్‌లోడ్ లింక్ ఉండాలి, నెట్ ఉండాలి, నిన్న ఉన్న వెర్షన్ ఈరోజూ ఉండాలి. నిన్న లేచిన మెషీన్, ఈరోజు లేచిన మెషీన్ ఒకేలా ఉంటాయన్న హామీ లేదు. ట్రైనింగ్ రూంలో ముప్పై మంది కూర్చున్నాక ఇరవై ఎనిమిది మందికి పైథాన్ ఒక వెర్షన్, ఇద్దరికి ఇంకో వెర్షన్ వచ్చిందంటే ఆ పూట ట్రైనర్‌కి పాఠం సాగదు.

రెండో దారి గోల్డెన్ ఇమేజ్. ప్యాకర్ లాంటి టూల్‌తో ఒక మెషీన్‌ని లేపి, అన్నీ పెట్టి, కావలసినన్నిసార్లు రీస్టార్ట్ చేసి, సిస్‌ప్రెప్ (ఆ మెషీన్ సొంత గుర్తులు చెరిపే విండోస్ టూల్) నడిపి ఇమేజ్‌గా దాచుకుంటాం. ఆ తర్వాత ముప్పై కావాలంటే ముప్పై, అన్నీ అచ్చు ఒకేలా, లేచేసరికే సిద్ధంగా ఉంటాయి. రీస్టార్ట్ అడిగే ప్యాకేజీలు ఉన్నవాళ్లకి, రాత్రి రెండింటికి ఆటోస్కేలింగ్‌లో, అంటే లోడ్ పెరగగానే వాటంతట అవే, మెషీన్లు లేచే చోట ఇదే సరైన దారి. అక్కడ బూట్ స్క్రిప్ట్ ప్యాకేజీలు దింపుకుంటూ పది నిమిషాలు కూర్చుంటే, ఏ లోడ్ కోసం లేచిందో ఆ లోడ్ అప్పటికే మిగతా మెషీన్లని పడగొట్టి ఉంటుంది.

ఇమేజ్ దారిలో విన్‌గెట్ పెట్టాలనుకునేవాళ్లు ఒక విషయం కచ్చితంగా తెలుసుకోవాలి. స్టోర్ యాప్ ఏదైనా ఒక యూజర్‌కి మాత్రమే ఇన్‌స్టాల్ అయి లేదా అప్‌డేట్ అయి, అందరు యూజర్లకీ ప్రొవిజన్ కాకుండా ఉంటే సిస్‌ప్రెప్ ఫెయిల్ అవుతుంది. ఇమేజ్ కోసం లాగిన్ అయి విన్‌గెట్‌ని కొత్త వెర్షన్‌కి తెచ్చామా, సరిగ్గా ఆ పరిస్థితి వచ్చి పడుతుంది. కారణం సిస్‌ప్రెప్ ఫోల్డర్‌లోని పాంథర్ లాగ్‌లో రాసి ఉంటుంది. అందులో కనబడిన ప్యాకేజ్‌ని ఆ యూజర్ నుంచి తీసేసి మళ్లీ సిస్‌ప్రెప్ నడపాలి. చాక్లెటీ స్టోర్ యాప్ కాదు కాబట్టి దానితో ఈ గొడవ లేదు. నేను ఇమేజ్‌లో చాక్లెటీనే పెట్టడానికి పెద్ద కారణం ఇదే.

ఇమేజ్‌కి ఉన్న జబ్బు పాతబడటం. నెల తిరిగేసరికి సెక్యూరిటీ ప్యాచ్‌లు వెనకబడతాయి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, మన టైం ప్రకారం ఆ రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో. మేం బుధవారం పొద్దున ఇమేజ్ బిల్డ్‌ని షెడ్యూల్‌లో పెట్టుకున్నాం. ఆఫీసుకి వచ్చేసరికి బిల్డ్ అయిపోవాలి, లేదా ఎక్కడ ఆగిందో లాగ్ చెప్పాలి. ఈ అలవాటు పెట్టుకోలేమనుకునే టీం గోల్డెన్ ఇమేజ్ దారిలోకి రాకపోవడమే మంచిది. ఎనిమిది నెలల పాత ఇమేజ్ నుంచి లేపిన మెషీన్, అప్పటికప్పుడు అన్నీ దింపుకున్న మెషీన్ కంటే ప్రమాదం.

మూడో దారి యాన్సిబుల్ లాంటి కాన్ఫిగరేషన్ టూల్. యాన్సిబుల్‌లోని విన్-చాక్లెటీ మాడ్యూల్‌కి ఒక మంచి గుణం ఉంది: మెషీన్‌లో చాక్లెటీ లేకపోతే తానే ముందు దాన్ని పెట్టుకుని, ఆ తర్వాత అడిగిన ప్యాకేజ్ పెడుతుంది. మనం విడిగా ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ రాయక్కర్లేదు. ఏ మెషీన్‌లో ఏం ఉండాలో రాసి ఉంచుతాం, ఎన్నిసార్లు నడిపినా అదే స్థితికి తెస్తుంది. రీస్టార్ట్ చేసి మళ్లీ కొనసాగించడానికి విడిగా మాడ్యూల్ ఉంది. ఏళ్ల తరబడి బతికే సర్వర్లు, ఆఫీసు డేటా సెంటర్‌లో నిలబడి ఉన్న వీఎంలు ఉన్నవాళ్లకి ఇది బాగా నప్పుతుంది.

కానీ యాన్సిబుల్ ఆ మెషీన్‌లోకి వెళ్లగలగాలి. విండోస్‌లో అందుకు దూరం నుంచి కమాండ్లు నడిపే సర్వీస్, విన్‌ఆర్‌ఎం గానీ ఎస్‌ఎస్‌హెచ్ గానీ, ముందే తెరిచి ఉండాలి. ఆ తలుపు ఎవరు తెరుస్తారు? మళ్లీ బూట్ స్క్రిప్టో, ఇమేజో. అంటే ఇది మొదటి రెండిటికీ బదులు కాదు, వాటి మీద నిలబడేది. కొందరు ఆ తలుపు తెరిచే తొందరలో 5985 పోర్ట్‌ని, మామూలు హెచ్‌టీటీపీని, ప్రపంచమంతటికీ తెరిచేస్తారు. 5986 మీద హెచ్‌టీటీపీఎస్ పెట్టి, మీ కంట్రోల్ మెషీన్ ఐపీకి మాత్రమే తెరవండి.

ఇక మీ సొంత సిస్టంలో వర్చువల్‌బాక్స్, హైపర్-వీ లాంటివి వాడుతూ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ ఫైల్) నుంచి విండోస్ పెట్టేవాళ్లకి ఆటోఅన్‌అటెండ్ ఫైల్ ఉంది. సెటప్ అడిగే ప్రతి ప్రశ్నకీ జవాబు అందులో రాసి పెడతాం. అందులో ఫస్ట్ లాగాన్ కమాండ్స్ అనే చోట చాక్లెటీ ఇన్‌స్టాల్ పెట్టొచ్చు. అది లాగిన్ అయ్యాకే నడుస్తుంది కాబట్టి ఆటో లాగిన్ ఒక్కసారికి ఆన్ చేయాలి. ఆ ఫైల్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటుంది, పని అయ్యాక ఆ ఫైల్‌ని తీసేయడం మరిచిపోకండి. ఇల్లే ల్యాబ్ అయినవాళ్లకి ఇది చాలు.

సరుకు ఎక్కడి నుంచి వస్తోంది

దీని గురించి చాలా పోలికల్లో ఒక్క వాక్యం ఉంటుంది. నాకు మాత్రం ఇదే అన్నిటికంటే ముఖ్యం.

క్లౌడ్‌లో ప్రైవేట్ సబ్‌నెట్‌లో ముప్పై మెషీన్లు ఒకేసారి లేస్తాయనుకోండి. అన్నీ ఒకే న్యాట్ గేట్‌వే (అందరికీ ఒకే బయటి ఐపీ ఇచ్చే ద్వారం) నుంచి బయటికి వెళ్తాయి. బయటి రిపోకి అవి ముప్పై మెషీన్లుగా కనబడవు, ఒకే ఐపీ నుంచి ఊపిరాడకుండా అడుగుతున్న ఒక్క మెషీన్‌లా కనబడతాయి. 429 అనే జవాబు వస్తుంది, అంటే ఎక్కువగా అడుగుతున్నావు, ఆగు అని. అందరికీ ఉచితంగా తెరిచి ఉంచిన రిపో అలా ఆపడం న్యాయమే. చాక్లెటీ వాళ్లు సంస్థలకి ఇదే చెబుతారు: కమ్యూనిటీ రిపో మీద ఆధారపడకండి, మీ సొంత రిపో పెట్టుకోండి అని.

సొంత రిపో అంటే పెద్ద పనేమీ కాదు. నెక్సస్, ఆర్టిఫ్యాక్టరీ, ప్రోగెట్ లాంటి రిపో సాఫ్ట్‌వేర్‌లు పనిచేస్తాయి. చిన్న టీంకి ఒక షేర్డ్ ఫోల్డర్‌లో ప్యాకేజ్ ఫైళ్లు పెట్టి దాన్నే సోర్స్‌గా చూపించినా చాక్లెటీ ఒప్పుకుంటుంది. జాగ్రత్త పడాల్సింది ఒకటే. చాక్లెటీ ప్యాకేజీల్లో చాలావాటి లోపల అసలు సాఫ్ట్‌వేర్ ఉండదు, దాన్ని వెండర్ సైట్ నుంచి దింపే స్క్రిప్ట్ మాత్రమే ఉంటుంది. ప్యాకేజ్ ఫైల్‌ని మీ రిపోలోకి కాపీ చేసి సరిపెట్టుకుంటే, ఇన్‌స్టాల్ సమయంలో అది మళ్లీ బయటికే పరిగెడుతుంది. ప్యాకేజ్ తెరిచి, ఇన్‌స్టాలర్‌ని కూడా లోపల పెట్టి, స్క్రిప్ట్‌లో లింక్ మార్చి మళ్లీ ప్యాక్ చేయాలి. ఇది విసుగు పుట్టించే పని, ఒప్పుకుంటాను. ముందు మీరు ఎక్కువగా వాడే పది ప్యాకేజీలకి చేయండి చాలు.

చాక్లెటీని కూడా అలాగే ఇంట్లో పెట్టుకోవచ్చు. దాని ప్యాకేజ్ ఫైల్ నిజానికి జిప్ ఫైలే. విప్పి లోపలి టూల్స్ ఫోల్డర్‌లో ఉన్న ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడిపితే నెట్ లేకుండానే ఇన్‌స్టాల్ అవుతుంది. ఇంటర్నెట్ నుంచి స్క్రిప్ట్ దింపి, చదవకుండా, అడ్మిన్ హక్కులతో అక్కడికక్కడే నడిపే ఆ ప్రసిద్ధమైన లైన్ నుంచి ఇలా బయటపడొచ్చు. మీ సెక్యూరిటీ టీం కూడా ఈ దారికి తొందరగా ఒప్పుకుంటుంది.

బెంగళూరులో కూర్చుని పనిచేసినా మన మెషీన్లు వేరే ఊళ్లలో ఉంటాయి. ఏడబ్ల్యూఎస్ అయితే ముంబై లేదా 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్, అజూర్ అయితే పుణె లేదా చెన్నై. రిపోని మెషీన్లు ఉన్న రీజియన్‌లోనే పెట్టండి. ఆఫీసులో సర్వర్ ఉంది కదా అని అక్కడ పెడితే ప్రతి డౌన్‌లోడూ మీ ఆఫీస్ లైన్ మీదుగా వెళ్తుంది. కరెంట్ పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రోజున ముంబైలో మెషీన్ లేవడం కూడా ఆగిపోతుంది.

మరి మీరు ఏది తీసుకోవాలి

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఎనిమిది మంది ఉన్న స్టార్టప్, అన్నీ ఉబుంటు మెషీన్లు: క్లౌడ్-ఇనిట్, ఆప్ట్, పైన చెప్పిన మూడు జాగ్రత్తలు. ఇమేజ్ గురించి ఇప్పుడే ఆలోచించవద్దు. అవసరం వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

ఎలక్ట్రానిక్ సిటీలో, వైట్‌ఫీల్డ్‌లో ట్రైనింగ్ ల్యాబ్‌లు నడిపేవాళ్లు, నెలకో బ్యాచ్, విండోస్ మెషీన్లు: కళ్లు మూసుకుని గోల్డెన్ ఇమేజ్. లోపల చాక్లెటీ, మార్పు లేని టూల్స్ అన్నీ ఇమేజ్‌లోనే. బ్యాచ్‌కి బ్యాచ్‌కి మారే ఒకటి రెండు ప్యాకేజీలు మాత్రం బూట్ స్క్రిప్ట్‌లో, సొంత రిపో నుంచి, వెర్షన్ నంబర్ రాసి మరీ. వెర్షన్ రాయకుండా వదిలేస్తే పైన చెప్పిన ఇద్దరికి ఒకటి, ఇరవై ఎనిమిది మందికి ఒకటి కథ మళ్లీ మొదలవుతుంది.

క్లయింట్‌కి ఏళ్ల తరబడి సర్వర్లు చూసిపెట్టే టీం: చిన్న ఇమేజ్, అందులో చాక్లెటీ, హెచ్‌టీటీపీఎస్ విన్‌ఆర్‌ఎం మాత్రమే. మిగతాదంతా యాన్సిబుల్. ఇమేజ్ తయారుచేసేటప్పుడు ప్యాకర్ లోపల కూడా అదే యాన్సిబుల్ ప్లేబుక్ (ఏం ఉండాలో రాసిన ఫైల్) వాడండి, ఒకే పని రెండు చోట్ల రాయకుండా ఉంటారు.

మీ డెవలపర్ల విండోస్ 11 వీఎంలు, రోజూ వాళ్లే లాగిన్ అయ్యేవి: విన్‌గెట్ చాలు. లాగిన్ అయ్యాక నడిచేలా పెట్టండి, రెండు ఒప్పందాల స్విచ్‌లూ ఇవ్వండి. అడ్మిన్ హక్కులు ఇవ్వని చోట స్కూప్.

మ్యాక్ మెషీన్లు బిల్డ్ కోసం వాడేవాళ్లు: హోంబ్రూ వాడండి. ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ ముందే పెట్టి ఉంచండి, యాపిల్ చిప్ మెషీన్లలో హోంబ్రూ /opt/homebrew ఫోల్డర్‌లో, ఇంటెల్‌లో /usr/local లో పడుతుందని గుర్తుపెట్టుకోండి. స్క్రిప్ట్‌లో పాత్ నేరుగా రాసేవాళ్లకి ఇక్కడే దెబ్బ తగులుతుంది.

ఏ దారి తీసుకున్నా ఒకటి మాత్రం మా కుర్రాడికి చెప్పినట్టే చెబుతాను. స్క్రిప్ట్ చివరి లైన్ ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ రాయాలి, అందులో తేదీ, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల వెర్షన్లు ఉండాలి. ఫైల్ లేదంటే పని పూర్తి కాలేదు. మెషీన్ "రన్నింగ్" అని పచ్చగా చూపించినంత మాత్రాన ఏమీ తేలదు, ఆ ఆదివారం ముప్పై మెషీన్లూ పచ్చగానే ఉన్నాయి. ఫైల్ లేకపోతే లైనక్స్‌లో క్లౌడ్-ఇనిట్ అవుట్‌పుట్ లాగ్, విండోస్ మీద ఏడబ్ల్యూఎస్ అయితే ఈసీ2లాంచ్ ఏజెంట్ లాగ్ తెరవండి, కిందినుంచి పైకి చదవండి.

ఇప్పుడు బ్యాచ్ ముందు శుక్రవారం మధ్యాహ్నం వాడు ఒకే ఒక్క మెషీన్ లేపుతాడు. అందులోకి లాగిన్ అవ్వడు, కన్సోల్ కూడా తెరవడు. ఇద్దరం కిందకి వెళ్లి టీ తాగి వస్తాం. వచ్చాక ఆ టెక్స్ట్ ఫైల్ ఉందో లేదో బయటి నుంచే చూస్తాడు. ఉంటే ఆ మెషీన్‌ని డిలీట్ చేసి, మిగతా ముప్పైకీ బటన్ నొక్కుతాడు.